జనవరి సముద్రం దగ్గరికి కొత్త ట్రెయిలర్‌తో వెళ్ళేముందు

చిరంజీవి అమ్మలూకి,

పెదనాన్న ఆశీస్సులు. మీ కొత్త ట్రెయిలర్, అదే బండి వెనక తగిలించి లాక్కెళ్ళే చిన్న ఇల్లు, దాని ఫొటోలు చూశాం. కిటికీ పక్కన బల్ల చూసి మీ పెద్దమ్మ ఎంత మురిసిపోయిందో! సంక్రాంతి దగ్గర్లో వచ్చే మూడు రోజుల సెలవుకి ఇంకో రెండు రోజులు కలిపి, ఆస్టోరియా నుంచి బ్రూకింగ్స్ దాకా మన అమెరికా పడమటి ఒడ్డున ఒరెగాన్ తీరమంతా చుట్టొస్తామన్నావు. ఆ ఒక్కటీ వద్దమ్మా. 101 రోడ్డు మీద అది దాదాపు 360 మైళ్ళు. అల్లుడుగారు ఇంతవరకూ ట్రెయిలర్ లాగి ఎరుగరు. జనవరిలో అయిదింటికే చీకటి పడుతుంది. వానలో, చీకట్లో, రోజుకో చోట ట్రెయిలర్‌ని వెనక్కి నడిపి నిలపడం అనుభవమున్న వాళ్ళకే కష్టం.

ఒకే చోటికి వెళ్ళండి, మూడు రాత్రులు ఉండండి. న్యూపోర్ట్ దగ్గర సౌత్ బీచ్ స్టేట్ పార్కు నాకిష్టం. ఇసుక దిబ్బల వెనక, చెట్ల మధ్య ఉంటుంది కాబట్టి సముద్రపు గాలి నేరుగా తగలదు. ట్రెయిలర్ నిలపడానికి కరెంటూ నీళ్ళూ ఉన్న సైటే తీసుకో. చలికాలంలో మరమ్మతులకని కొన్ని లూపులు, అంటే సైట్ల వరుసలు, మూసేస్తుంటారు, ఏవి తెరిచి ఉన్నాయో చూసుకుని బుక్ చెయ్యి. మధ్యాహ్నం రెండింటికల్లా చేరేలా బయల్దేరండి.

దానికన్నా ముందు ఒక రాత్రి మీ డ్రైవ్‌వేలోనే పడుకోండి. పిల్లలు నవ్వినా సరే, పడుకోవాలి. ఏది పనిచెయ్యకపోయినా ఇంటి తలుపు పదడుగుల దూరంలో ఉంటుంది. చలికాలంలో అమ్మే ట్రెయిలర్ గొట్టాల్లో గడ్డకట్టకుండా గులాబీరంగు యాంటీఫ్రీజ్ పోసి, వాటర్ హీటర్‌కి నీళ్ళు వెళ్ళకుండా వాల్వులు తిప్పి ఉంచుతారు. నా మొదటి ట్రెయిలర్‌కి అది చూసుకోకుండా హీటర్ కరెంటు స్విచ్ వేశాను. ఖాళీ టాంకులో ఎలిమెంట్ కాసేపట్లోనే మాడిపోయింది, మూడు రోజులూ పిల్లలు చన్నీళ్ళతో మొహాలు కడుక్కున్నారు. అందుకని ముందు వాల్వులు సరిచేసి, వేడినీళ్ళ పంపు తిప్పి, గాలి బుడగలు లేకుండా ధార వచ్చాకే ఆ స్విచ్ ముట్టుకోండి.

కరెంటు లెక్క కూడా ఆ రాత్రే తెలిసిపోతుంది. 30 ఆంపుల కనెక్షన్ అంటే 3,600 వాట్లు. గది హీటర్ 1,500, వాటర్ హీటర్ సుమారు 1,400, అన్నం పెట్టిన ఇన్‌స్టంట్ పాట్ ఇంకో 1,000. మూడూ కలిస్తే బ్రేకర్ పడిపోతుంది. అన్నం వండేటప్పుడు వాటర్ హీటర్ని గ్యాసు మీద నడపండి. చలేస్తోందని వంట స్టౌ వెలిగించి వదిలెయ్యడం మాత్రం ఎన్నటికీ చెయ్యొద్దు, విషవాయువు ప్రాణం మీదికి తెస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం బటన్ నొక్కి మోగుతోందో లేదో చూడండి.

చలికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది చెమ్మ. నలుగురి ఊపిరి, తడి కోట్లు, అన్నం ఆవిరి, అన్నీ ఆ చిన్న గదిలోనే. తెల్లారేసరికి కిటికీలు కారుతుంటాయి, పరుపు కింద చేత్తో తడిమితే తడి. హీటర్ నడుస్తున్నా పైకప్పు వెంట్ ఒక అంగుళం తెరిచే ఉంచాలి. వేడంతా పోతుంది కదా అనిపిస్తుంది, కానీ చెమ్మ పోవాలంటే అదే దారి. పగలు పరుపులు ఎత్తి నిలబెట్టండి. పులిహోర, పప్పుపొడి ఇంటి దగ్గరే చేసుకెళ్తే పొయ్యి పని సగం తగ్గుతుంది. పోపు పెట్టేటప్పుడు ఫ్యాన్ వేసి కిటికీ తియ్యండి, లేదంటే పొగ అలారం ఊరుకోదు.

సామాను బరువంతా వెనక వెయ్యకండి. ట్రెయిలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద, అంటే బండికి తగిలించే కొక్కెం మీద, పడాలి, తగ్గితే రోడ్డు మీద తోక ఊపుతుంది. మొదటి 50 మైళ్ళకి ఆగి చక్రాల నట్లు మళ్ళీ బిగించండి. న్యూపోర్ట్ వెళ్ళే 20వ నంబరు రోడ్డులో కొండలు దాటాలి, మంచు పడితే చక్రాలకి చుట్టే చైన్లు వెంట ఉండాలి. న్యూపోర్ట్‌లో దిగాక పార్కుకి వెళ్ళాలంటే 1936లో కట్టిన యాక్వినా బే వంతెన దాటాలి. అక్కడ గాలి పక్కనించి కొడుతుంది. గాలి ఉధృతంగా ఉంటే ఊళ్ళోనే ఆగి తగ్గాక దాటండి, గంట ఆలస్యమైతే ఏమీ పోదు. తుపాను సూచన ఉంటే అసలు బయల్దేరొద్దు. సైటు డబ్బు పోతే పోనీ.

ఇక సముద్రం. మనది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత మీ నాయనమ్మ సముద్రం మాటొస్తే గొంతు తగ్గించి మాట్లాడేది. ఈ పసిఫిక్ తీరు వేరు. ఇరవై నిమిషాలు నెమ్మదిగా ఉన్న అలలు, ఉన్నట్టుండి ఒకటి ఎంతో పైకి వచ్చేస్తుంది. ఒడ్డున పడున్న పెద్ద దుంగల్ని కూడా అది దొర్లిస్తుంది. పిల్లల్ని దుంగలెక్కనివ్వకు, సముద్రానికి వీపు పెట్టి ఫొటోలు తీసుకోవద్దు. పోటు సమయాలు చూసుకుని, పాటు దిగుతున్నప్పుడే ఇసుకలోకి వెళ్ళండి. సైటుకి చేరగానే సునామీ దారి చూపే బోర్డు ఎక్కడుందో నలుగురూ నడిచి చూసి రండి. 1700 జనవరి 26 రాత్రి ఈ తీరంలోనే మహా భూకంపం వచ్చింది, ఆ అల జపాన్ దాకా వెళ్ళింది. భూమి గట్టిగా ఊగితే సైరన్ కోసం చూడకుండా, ట్రెయిలర్ వదిలేసి, కాలినడకన ఎత్తుకి వెళ్ళిపోవాలి.

ఇంత చెప్పానని భయపడకు. మీరు వెళ్ళే రోజుల్లో బూడిదరంగు తిమింగిలాలు దక్షిణానికి వెళ్తుంటాయి, యాక్వినా హెడ్ దీపస్తంభం దగ్గర నిలబడితే ఊపిరి చిమ్మడం కనపడుతుంది. బేలో పీతలు ఏడాది పొడుగునా పట్టుకోవచ్చు. లైసెన్సు తీసుకోండి, మగవే, డొప్ప 5¾ అంగుళాలకి తగ్గకుండా చూసుకోండి. విషం కారణంగా ఒక్కోసారి నిషేధం పెడతారు, ఆ రోజు వార్త చూసి దిగండి. ట్రెయిలర్లో పీతల పులుసు మాత్రం వండకు, ఆ వాసన పరుపుల్ని వదలదు. ఉడకబెట్టి ఇంటికి పట్టుకురా.

శనివారం పొద్దున్నే వస్తాను. అల్లుడుగారిని ఖాళీగా ఉండమను, ఖాళీ పార్కింగ్ స్థలం చూసి వెనక్కి పెట్టడం నేర్పుతాను. పెద్దమ్మ గోంగూర సీసా పంపుతోంది.

మీ పెదనాన్న