బెంచి మీద జీతం అడిగితే వీసా రద్దు చేస్తామంటున్నారు, ఫిర్యాదు చేయవచ్చా?

మూడు నెలలుగా బెంచి మీద (ప్రాజెక్టు లేక ఖాళీగా) ఉన్నానని, జీతం అడిగితే హెచ్-1బీ (ఉద్యోగ వీసా) వెనక్కి తీసుకుంటామని కన్సల్టెన్సీ వాళ్లు బెదిరిస్తున్నారని, అమెరికా కార్మిక శాఖకు రాస్తే ఇంకా కక్ష కడతారేమోనని మీరు రాశారు. 2018లో న్యూజెర్సీలో నాదీ ఇదే పరిస్థితి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ప్రాజెక్టు దొరకకపోవడం యజమాని సమస్య, మీది కాదు. బెంచి మీద ఉన్నా ఎల్‌సీఏలో (వీసా కోసం యజమాని కార్మిక శాఖకు ఇచ్చే వేతన హామీ పత్రం) రాసిన జీతం పూర్తిగా ఇవ్వాలి. మీ సొంత పని కోసం మీరే సెలవు కోరితే మాత్రం ఇవ్వనక్కర్లేదు. ఆ మినహాయింపును అడ్డం పెట్టుకునే చాలామంది జీతం ఎగ్గొడతారు.

నాకు ఆరో వారంలో ఒక ఈమెయిలు వచ్చింది. దానికి జతచేసిన ఉత్తరంలో ‘కుటుంబ కారణాల వల్ల వేతనం లేని సెలవు మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను’ అని నా పేరుతో ముందే టైపు చేసి ఉంది. తేదీ ఆరు వారాల కిందటిది. సంతకం చేయాల్సిన చోట పసుపు రంగు గుర్తు పెట్టారు. పది నిమిషాలకే యజమాని ఫోను. ‘ఊరికే ఫార్మాలిటీ కోసం, మనవాళ్లమే కదా’ అన్నారు. మాదీ ఆయనదీ పక్కపక్క మండలాలు. ఆ ‘మనవాళ్లం’ అన్న మాటకే అన్నాళ్లూ నోరు మెదపలేకపోయాను. నా భార్యకు అప్పుడు ఏడో నెల, ఆమె హెచ్-4 (జీవిత భాగస్వామికిచ్చే వీసా) నా వీసా మీదే ఆధారపడి ఉంది. సంతకం పెట్టేద్దామని పెన్ను కూడా తీశాను. ‘అడగని సెలవును అడిగినట్టు ఎందుకు రాసిస్తారు?’ అని ఆవిడే ఆపింది. సంతకం చేయకుండా నాలుగు వాక్యాల జవాబు పంపాను: నేను సెలవు కోరలేదు. రోజూ పనికి సిద్ధంగా ఉన్నాను. ఫలానా తేదీ నుంచి జీతం అందలేదు. దయచేసి చెల్లించండి.

తర్వాత నన్ను కాపాడింది ఆ జవాబే. రక్షణ మొదలు కావడానికి కార్మిక శాఖ దాకా వెళ్లాల్సిన పని లేదు, తప్పు జరుగుతోందని యజమానికి చెప్పినా చాలు. 1998లో అమెరికన్ కాంగ్రెస్ చేర్చిన నిబంధన ప్రకారం, అలా చెప్పిన ఉద్యోగిని బెదిరించడం, ఒత్తిడి పెట్టడం, తీసేయడం, ఇంకెక్కడా పని దొరకకుండా బ్లాక్‌లిస్టులో పెట్టడం అన్నీ ఉల్లంఘనలే. మాజీ ఉద్యోగులకూ ఇది వర్తిస్తుంది. నా విషయంలో రెండో రోజే వీసా ఉపసంహరిస్తామని వాట్సాప్‌లో సందేశం వచ్చింది. వారం తిరగకుండా ఉద్యోగం పోయింది. ఆపైన ఒంగోలులో ఉన్న మా నాన్నకు ఫోను చేసి, ‘మీవాడికి అమెరికాలో ఇంకెవరూ పని ఇవ్వరు’ అన్నారు. ఆ రాత్రి నాన్న నాతో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయారు. ఉద్యోగం పోయినందుకంటే దానికే ఎక్కువ బాధపడ్డాను.

మర్నాడే డబ్ల్యూహెచ్-4 ఫారం నింపి కార్మిక శాఖలోని వేజ్ అండ్ అవర్ డివిజన్‌కు పంపాను. ఖర్చు లేదు, లాయరు తప్పనిసరి కాదు. ఉల్లంఘన జరిగిన 12 నెలల్లోపు ఫిర్యాదు అందాలి. వాళ్ల ఫోను నంబరు 1-866-487-9243. విచారణాధికారి అడిగిన మొదటి ప్రశ్నే ‘మీరు సెలవు కోరారా?’ అని. ఆ ఉత్తరాన్నీ నా జవాబునూ పక్కపక్కన పెట్టి చూపించాను. డబ్బు చేతికి రావడానికి 14 నెలలు పట్టింది, కాబట్టి దాన్ని నమ్ముకుని అద్దె కట్టే ఆలోచన పెట్టుకోకండి. అయితే నేను ఆరు వారాల జీతం అడిగితే 11 వారాలది వచ్చింది. ఎందుకంటే నోటిమాటగా తీసేశామంటే చెల్లదు. అమెరికా వలస విభాగమైన యూఎస్‌సీఐఎస్‌కు తెలియజేయాలి, స్వదేశానికి తిరుగు ప్రయాణ ఖర్చు ఇస్తామనాలి. మా కంపెనీ వాళ్లు ఆ పని నెల దాటాక గానీ చేయలేదు, అందుకే అప్పటిదాకా జీతం ఇవ్వాల్సి వచ్చింది. కక్ష సాధించినట్టు తేలితే జరిమానాతో పాటు కనీసం 2 ఏళ్లు ఆ యజమాని వీసా దరఖాస్తులను ఆమోదించరు. వీసాల మీదే బతికే కన్సల్టెన్సీకి అది మూతపడటంతో సమానం.

ఇక మీ అసలు భయం స్టేటస్ (అమెరికాలో చట్టబద్ధంగా ఉండే హోదా) గురించి. ఉద్యోగం ముగిశాక 60 రోజుల వరకు గడువు ఉంటుంది, ఐ-94 (అమెరికాలో ఎప్పటి వరకు ఉండవచ్చో చెప్పే పత్రం) అంతకన్నా ముందే ముగిస్తే అప్పటి వరకే. కొత్త యజమాని ఆ లోపు మీ కోసం హెచ్-1బీ పిటిషన్ దాఖలు చేస్తే, ఆమోదం కోసం ఆగకుండా పనిలో చేరవచ్చు. నాకు 41వ రోజున దాఖలైంది. మీకు మూడు నెలల పే స్టబ్‌లు (జీతం చీటీలు) లేవు కాబట్టి ఆ ఖాళీ గురించి తప్పకుండా అడుగుతారు. దానికి జవాబు మీరు చేసే ఫిర్యాదే. ఉల్లంఘనను బయటపెట్టినందుకు స్టేటస్ పోయిందని ఆధారాలతో చూపితే, యూఎస్‌సీఐఎస్ దాన్ని అసాధారణ పరిస్థితిగా పరిగణించే వీలుంది. ఒప్పుకోవడం అధికారుల విచక్షణ. మాట్లాడకుండా ఊరుకుంటే చూపడానికి కాగితమే ఉండదు. దీనికి సొంతంగా ఇమ్మిగ్రేషన్ లాయరును పెట్టుకోండి, కంపెనీ ఫీజు ఇచ్చే లాయరును అడగకండి. నేను మొదట ఆయననే అడిగాను, సాయంత్రానికల్లా ఆ మాట యజమాని చెవిన పడింది.

ఇవాళే కంపెనీ పోర్టల్ నుంచి మీ పే స్టబ్‌లు, ఎల్‌సీఏ, అప్రూవల్ నోటీసు దింపుకుని సొంత ఈమెయిలులో దాచుకోండి. వాట్సాప్ బెదిరింపులకు తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. క్లయింటు ఫైళ్ల జోలికి మాత్రం వెళ్లకండి. నేను పంపిన ఆ నాలుగు వాక్యాల ఈమెయిలు ఇంగ్లీషు ప్రతి కావాలంటే చెప్పండి, పేర్లు తీసేసి ఇక్కడే పెడతాను.