కీమో నడుస్తుండగా తిప్పతీగ: మా ఇంట్లో జరిగింది చెప్తాను

మీ అమ్మగారికి లింఫోమా (ఒక రకం బ్లడ్ క్యాన్సర్), ఆర్-చాప్ అనే కీమో రెండో సైకిల్ అయింది, కౌంట్స్ (రక్తకణాల లెక్క) పడిపోతున్నాయి, ఇమ్యూనిటీ పెరుగుతుందని మీ పిన్నిగారు తిప్పతీగ రసం, అశ్వగంధ పొడి పంపారు, డాక్టర్‌ని అడిగితే తిడతారేమో అని కదండీ మీరు రాసింది. ముందు ఆ చివరి మాట సంగతే చెప్తాను, మాకు దెబ్బ తగిలింది అక్కడే.

మా తమ్ముడికి 17 ఏళ్లప్పుడు ఏఎల్ఎల్ అనే బ్లడ్ క్యాన్సర్ వచ్చింది. గట్టి కీమోలన్నీ అయ్యాక మెయింటెనెన్స్‌లో పెట్టారు, అంటే రోజూ మెర్కాప్టోప్యూరిన్ మాత్ర, వారానికోసారి మెథోట్రెక్సేట్. వాడు ఇంటికొచ్చేశాడన్న ధైర్యంతో మా అమ్మ పెరట్లో వేపచెట్టుకి పాకిన తిప్పతీగ కోసి రోజూ పొద్దున్నే కషాయం కాచి ఇచ్చింది, నాకు కూడా చెప్పలేదు. ఐదారు వారాలకి వాడికి అన్నం సయించలేదు, టెస్ట్ చేయిస్తే ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) 400 దాటింది. మాత్రలు ఆపేశారు, మూడు వారాలు! ఆ మూడు వారాలూ మందు లేకుండా జబ్బు తిరగబెడుతుందేమో అని మేం పడ్డ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. "ఇంకేమైనా ఇస్తున్నారా అమ్మా" అని డాక్టర్ అడిగిన ప్రతిసారీ అమ్మ లేదనే చెప్పింది, చివరికి ఒకరోజు ఏడ్చేసి బయటపెట్టింది. ఆయన తిట్టలేదు. మెర్కాప్టోప్యూరిన్ వల్ల కూడా ఎస్‌జీపీటీ పెరుగుతుంది కాబట్టి తప్పు తిప్పతీగదేనని ఖాయంగా అనలేను, ముందే చెప్పుంటే మొదటి రోజే కషాయం ఆపించేవాణ్ణి అన్నారు. (2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగ వాడినవాళ్లలో లివర్ దెబ్బతిన్న కేసులు ప్రచురించారు, ఆయుష్ శాఖ దాన్ని ఒప్పుకోలేదు.)

ఇక ఇమ్యూనిటీ సంగతి. లింఫోమాలో అదుపు తప్పినవే ఇమ్యూనిటీ కణాలండీ, లింఫోసైట్లు. ఏ పొడి వాటిలో మంచివాటిని మాత్రమే ఏరి పెంచుతుంది? కీమోకి తగ్గిన న్యూట్రోఫిల్స్‌ని (ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాల్ని) తిరిగి తయారుచేయాల్సింది ఎముకల్లోని మూలుగ, దానికి సాయం కావాలంటే ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్ ఇస్తారు. ఏఎన్‌సీ, అంటే ఆ న్యూట్రోఫిల్స్ లెక్క, 500 లోపు ఉన్నప్పుడు పచ్చి రసాలు, విడిగా అమ్మే పొడులు ఇంకా భయం, వాటిలో ఉండే బూజు, బ్యాక్టీరియా మనకి ఏమీ చేయకపోవచ్చు గానీ వాళ్లని ఐసీయూకి తీసుకెళ్లగలవు. ప్లేట్‌లెట్లకని అందరూ చెప్పే బొప్పాయి ఆకు రసం కూడా ఇంతే.

"చెట్టు మందుకి సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు" అని మా చుట్టాలు అనేవాళ్లు. మా తమ్ముడికి ఎక్కించిన విన్‌క్రిస్టిన్ వచ్చిందే మన వాకిట్లో పూసే బిళ్లగన్నేరు నుంచి! మీ అమ్మగారి ఆర్-చాప్‌లో కూడా అదుంటుంది. దాంతో మా వాడికి కాళ్లు తిమ్మిరెక్కేవి, మలబద్ధకంతో అల్లాడిపోయాడు. ఆకులో నిజంగా పనిచేసే గుణం ఉంటే అది ఇంకో మందు మీద కూడా పనిచేస్తుంది. గ్రీన్ టీలో ఉండే ఒక పదార్థం మైలోమా అనే ఇంకో బ్లడ్ క్యాన్సర్‌కి ఇచ్చే బోర్టెజోమిబ్‌ని పట్టుకుని పనిచేయకుండా చేస్తుందని 2009లో ల్యాబ్ ప్రయోగాల్లో తేలింది.

కూరలో పసుపు, చారులో మిరియాలు మాకు ఎవరూ వద్దనలేదు, పసుపు నుంచి తీసే కర్క్యుమిన్ క్యాప్సూల్స్ మాత్రం వద్దన్నారు. మీరు ఆ సీసా, పొడి ప్యాకెట్ రెండూ లేబుల్ కనపడేలా ఫోటో తీసి, వచ్చే ఓపీకి పట్టుకెళ్లి చూపించండి, అప్పటిదాకా ఇవ్వకండి, ఇప్పటికే ఇచ్చుంటే ఎన్ని రోజులు ఇచ్చారో కూడా చెప్పండి. కీమో అయిన వారం నుంచి రెండు వారాల దాకా కౌంట్స్ బాగా తక్కువుంటాయి, ఆ రోజుల్లో జ్వరం 100.4 దాటితే అర్ధరాత్రైనా సరే ఆసుపత్రికి వెళ్లిపోండి, కషాయం కాస్తూ కూర్చోవద్దు. పిన్నిగారు ఏదో ఒకటి చేయాలని తపన పడుతుంటే కీమో రోజున వేడిగా మెత్తటి పప్పన్నం, బాగా ఉడికిన గుడ్డు తెచ్చిపెట్టమనండి, మా అమ్మ కూడా చివరికి అదే చేసింది.