పద్మిని కారులో స్టెప్నీని డిక్కీలో కాకుండా ఇంకెక్కడ పెట్టొచ్చు?

మీది 1975 ప్రీమియర్ పద్మిని అన్నారు. అమ్మానాన్నల్ని, పిల్లల్ని తీసుకుని హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లాలి, స్టెప్నీ (అదనపు చక్రం) పోగా డిక్కీలో మిగిలే చోటు సామానుకు చాలట్లేదు, దాన్ని వేరేచోటికి మార్చొచ్చా అని అడిగారు. మా ఇంట్లోనూ పద్మినే ఉంది. నాన్నగారు కొన్న బండి, ఇప్పుడు నేను నడుపుతున్నాను. ఇదే దారిలో స్టెప్నీని టాప్ మీద కట్టుకుని వెళ్లాను, డిక్కీలో ఉంచుకునీ వెళ్లాను. నా మాట ముందే చెప్పేస్తాను: స్టెప్నీని కదపకండి. దిండ్లు, దుప్పట్లు, బట్టల బ్యాగుల్ని టాప్ మీదికి ఎక్కించండి.

స్టెప్నీ టాప్ మీద ఉన్నప్పుడు తేడా సిటీలో పెద్దగా తెలియదు. నల్లమల ఘాట్ మలుపుల్లో తెలుస్తుంది. వెనక లీఫ్ స్ప్రింగులున్న బండి, మామూలుగానే మలుపులో కాస్త ఒరుగుతుంది. పైన పది కిలోలు దాటిన ఇనుము, రబ్బరు ఒకేచోట కూర్చుంటే ఆ ఒరగడం ఇంకా ఎక్కువైనట్టు స్టీరింగ్‌లోనే అందుతుంది. వెనక కూర్చున్న పెద్దవాళ్లకు కడుపులో తిప్పుతుంది. దిండ్లు, బట్టలు చోటు ఎక్కువ తింటాయి గానీ బరువు తక్కువ, పైగా టాప్ మీద బిగించే క్యారియర్ అంతటా పరుచుకుంటాయి. నీళ్ల క్యాన్లు, వంట సామాను లాంటి బరువైనవన్నీ మాత్రం కింద డిక్కీలోనే ఉండాలి.

క్యారియర్ కొనేటప్పుడు టాప్ అంచున వాన నీళ్లు పోయే గట్టర్‌ను పట్టుకునే క్లాంపుల రకమే తీసుకోండి. రంధ్రం ఒక్కటి కూడా వేయించొద్దు. క్లాంపు కింద రబ్బరు ముక్క పెడితే పెయింట్ లేవదు. బయల్దేరిన కాసేపటికి ఒకసారి ఆగి బోల్టులు మళ్లీ బిగించండి, మొదటి కుదుపులకు తప్పకుండా కొంత వదులవుతాయి.

అయినా స్టెప్నీ పైకే పోవాలి అంటారా? తాడును టైరు మీదుగా చుట్టడం కాదు, రిమ్ము మధ్య రంధ్రంలోంచి పొడవాటి బోల్టు దించి, పైన వెడల్పు ఇనుప బిళ్ల వేసి క్యారియర్ పట్టీలకు బిగించాలి. తాడు వాడినా రిమ్ము రంధ్రాల్లోంచే పోవాలి. గిన్నెలా లోతుగా ఉండే వైపు కిందికి తిప్పి పెడితే వాన నీళ్లు నిలవవు. మన ఏప్రిల్, మే ఎండలకు రబ్బరు పగుళ్లిస్తుంది కాబట్టి మందపాటి గుడ్డ కవరు కావాలి. గొలుసు, తాళం సంగతి చెప్పక్కర్లేదు.

బండి కింద వేలాడదీస్తే ఎలా ఉంటుందని కూడా అడిగారు. పెద్ద ఎస్‌యూవీలకు అది కుదురుతుంది, అవి ఎత్తుగా ఉంటాయి. మన బండికి వెనక కింద సైలెన్సర్ పైపు వేడి, పైగా మన కాలనీల స్పీడ్ బ్రేకర్లు. నేనైతే ఆలోచించను. ఇంజిన్ పక్కన పెట్టే పద్ధతి ఫియట్‌లోనూ ఉంది, 127, 128 మోడళ్లలో స్టెప్నీ అక్కడే ఉండేది. అయితే వాటిలో ఇంజిన్ అడ్డంగా ఉండటం వల్ల చోటు మిగిలింది. పద్మిని ఇంజిన్ బండి పొడవునా నిలువుగా ఉంటుంది, ఆ చోటు లేదు. ఫోక్స్‌వాగన్ బీటిల్‌కు ఇంజిన్ వెనక ఉంటుంది కాబట్టి స్టెప్నీ ముందు డిక్కీలోకి వెళ్లింది. కొన్ని మోడళ్లలో అద్దం కడిగే నీళ్లను చిమ్మడానికి ఆ స్టెప్నీలోని గాలినే వాడేవారు! నాకు చాలా ఇష్టమైన ఏర్పాటు అది.

ఇక డిక్కీ మూత బయట బ్రాకెట్ వెల్డింగ్ చేయించి, పాత లింకన్ కాంటినెంటల్‌లా వెనక తగిలించడం. చూడ్డానికి బాగుంటుంది, నిజమే. దయచేసి చేయించకండి. పద్మిని రేకు ఆ బరువును మోసేలా చేసింది కాదు, కుదుపులకు వెల్డింగ్ చుట్టూ చీలుతుంది, అక్కడి నుంచి తుప్పు మొదలవుతుంది. డిక్కీ తెరవాలన్నా ఇబ్బందే, నంబర్ ప్లేటూ మరుగున పడుతుంది. దానికి తోడు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టంగా చెప్పింది. మీకు ఇంకో కారణం కూడా ఉంది. 2021 జులైలో వచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన సొంత బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు, నంబర్‌లో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. అయితే ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. 1975 బండి మీ చేతిలో ఉండగా ఆ అవకాశాన్ని ఒక బ్రాకెట్ కోసం పోగొట్టుకోవద్దు.

స్టెప్నీ ఇంట్లో వదిలేసి పంక్చర్ కిట్‌తో వెళ్లొచ్చు కదా అని మీ మెకానిక్ అన్నాడని రాశారు. స్టెప్నీ లేకపోయినా ఫర్వాలేదని 2020లో కేంద్రం ఇచ్చిన సడలింపు ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి ఒత్తిడి చూపించే సిస్టమ్, రిపేర్ కిట్ మూడూ ఉన్న కార్లకు. మనది ట్యూబ్ టైరు. ఆ కిట్‌లోని రబ్బరు పుల్ల గుచ్చితే ట్యూబ్‌కు ఏమీ ఒరగదు. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ తిరగడానికైతే వదిలేయండి, సందుకో పంక్చర్ షాపు ఉంటుంది. శ్రీశైలం దారి అలా కాదు. మన్ననూరు చెక్‌పోస్ట్ దాటాక అంతా ఆమ్రాబాద్ పులుల అభయారణ్యమే, రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఆ రోడ్డు మూసేస్తారు. సాయంత్రం పూట, ముసలివాళ్లతో, అడవిలో చక్రం లేకుండా నిలబడే పరిస్థితి ఎవరికీ రాకూడదు.

డిక్కీలో చోటు పెంచడానికి మేం చేసింది ఇదీ. స్టెప్నీ గిన్నెలాంటి లోపలి భాగం ఊరికే పోతుంది కదా, అందులో పానాలు, పాత గుడ్డలు, ఒక కొత్త ట్యూబ్ చుట్టి పెట్టాం. గట్టి సూట్‌కేసులు మానేసి మెత్తటి బ్యాగులు వాడితే చక్రం చుట్టూ ఉన్న ఖాళీల్లో అవే సర్దుకుంటాయి. ఇక్కడే చాలా చోటు దొరికింది, నమ్మండి. జాకీ, వీల్ పానా మాత్రం డిక్కీలో అడుగున పెట్టకండి, డ్రైవర్ సీటు కింద ఉంచండి. స్టెప్నీకి గాలి బయల్దేరే ముందు రోజే కొట్టించండి.