ఇంగ్లండ్‌లో పోలీసులు ‘ఒకసారి వచ్చి మాట్లాడండి’ అని పిలిస్తే సొలిసిటర్ (న్యాయ సలహా ఇచ్చే లాయరు) ఉచితంగా దొరుకుతారా?

దొరుకుతారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో నేరానుమానంపై పోలీసులు ప్రశ్నించే ఎవరికైనా, అరెస్టు చేసినా చేయకపోయినా, సొలిసిటర్ సలహా ఉచితమే. ఆదాయంతో, వీసాతో నిమిత్తం లేదు. 1984 నాటి పోలీసు, క్రిమినల్ సాక్ష్యాల చట్టమూ దాని నియమావళీ ఇచ్చిన హక్కు ఇది.

ఎందుకంటే పోలీసులు ప్రశ్నించే గదిలో జరిగేది పిచ్చాపాటీ కాదు. మొదట చదివే హెచ్చరికలోనే మెలిక ఉంది: మీరు ఏమీ చెప్పనవసరం లేదు, కానీ తర్వాత కోర్టులో చెప్పబోయే సంగతిని ఇప్పుడు దాచితే మీ వాదనకు నష్టం కలగవచ్చు. నోరు విప్పాలా వద్దా అన్నది తేల్చుకోవాలంటే పోలీసుల చేతిలో ఏముందో కొంతైనా తెలియాలి. సొలిసిటర్ ముందుగా ఆ వివరాలు అడిగి, తర్వాత మీతో ఏకాంతంగా మాట్లాడతారు.

సూపర్‌మార్కెట్‌లో బిల్లు తానే కొట్టుకున్న విద్యార్థి ఒక వస్తువును స్కాన్ చేయలేదనుకోండి. ‘గమనించలేదు’ అన్నది నిజమైతే అది దొంగతనం కాదు, ఎందుకంటే ఆ నేరానికి దురుద్దేశం ఉండాలి. కంగారులో ‘సారీ, నాదే తప్పు’ అంటే మాత్రం ఆ మాట రికార్డయి నేరాంగీకారంలా వినిపిస్తుంది.

‘లాయరును అడిగితే తప్పు చేసినట్టే’ అన్న భయం మనవాళ్లలో బాగా ఉంది. అడిగినందుకు కోర్టు మిమ్మల్ని తప్పుపట్టదు. డ్యూటీ సొలిసిటర్, అంటే వంతు ప్రకారం ఉచిత సలహా ఇచ్చే లాయరు, పోలీసుల మనిషీ కాదు. మొదట వద్దన్నా, ప్రశ్నల మధ్యలోనైనా అడగవచ్చు. ఇంగ్లిషు తడబడితే దుబాసీ కూడా ఉచితమే.