టెక్ సందేహాలు: టెక్నికల్ వ్యాసాలు ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. పైథాన్ భాషలో, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో నేర్చుకున్నవి వ్యాసాలుగా రాయాలనుంది. మీడియం, డెవ్ డాట్ టు, గిట్‌హబ్ పేజెస్... వీటిలో ఏది మంచిది?

జవాబు: అసలు వ్యాసం మీ చేతిలో ఉండే చోట పెట్టండి, నకళ్లు ఎక్కడున్నా ఫర్వాలేదు. అందుకే నా ఓటు గిట్‌హబ్ పేజెస్‌కి, అంటే గిట్‌హబ్‌లో దాచుకున్న ఫైళ్లనే వెబ్‌సైట్‌గా చూపించే సేవకి. పబ్లిక్ రిపాజిటరీ (అందరూ చూడగలిగే ప్రాజెక్ట్ ఫోల్డర్) అయితే పైసా ఖర్చు లేదు. మార్క్‌డౌన్‌లో (చిన్న చిన్న గుర్తులతో రాసే మామూలు టెక్స్ట్) రాసి పుష్ చేస్తే, అంటే గిట్‌హబ్‌కి పంపితే చాలు, జెకిల్ అనే టూల్ దాన్ని వెబ్ పేజీగా మార్చేస్తుంది. సైట్ 1 జీబీ దాటకూడదన్న పరిమితి ఉంది గానీ, రాతకీ కోడ్‌కీ అది ఎక్కువే. సొంత డొమైన్ కూడా ఒకటి కొనుక్కుంటే, రేపు గిట్‌హబ్ వదిలేసినా పాత లింకులు తెగిపోకుండా చూసుకోవచ్చు.

చిక్కేమిటంటే, కొత్తలో ఆ సైట్ వైపు ఎవరూ తొంగిచూడరు. పాఠకులు ఉండేది ప్రోగ్రామర్లు వ్యాసాలు రాసుకునే డెవ్ డాట్ టు లాంటి చోట్ల. అక్కడ అదే వ్యాసం మళ్లీ పెట్టండి. పెట్టేటప్పుడు సెట్టింగ్స్‌లో కెనానికల్ యూఆర్‌ఎల్ (అసలు పేజీ చిరునామా) అనే గడి ఉంటుంది, అందులో మీ సైట్ లింక్ ఇవ్వండి. అసలుది ఎక్కడుందో గూగుల్‌కి తెలుస్తుంది. గూగుల్ దీన్ని సూచనగానే తీసుకుంటుంది, తప్పక పాటిస్తుందని లేదు. కాబట్టి మీ పేజీ సెర్చ్‌లో కనిపించడం మొదలయ్యాకే నకలు పెట్టడం మేలు.

బ్లాగుల వేదిక మీడియంలో రాయడం హాయిగానే ఉంటుంది. కానీ వ్యాసంలో పట్టిక (టేబుల్) పెట్టే వీల్లేదు! డేటాబేస్‌లో ఇండెక్స్ (వెతకడాన్ని వేగం చేసే సూచిక) ఉన్నప్పుడు, లేనప్పుడు క్వెరీకి ఎంత టైమ్ పట్టిందో చూపించాలంటే స్క్రీన్‌షాట్ అతికించాల్సిందే. ఫోన్‌లో ఆ అంకెలు చదవాలంటే కళ్లు చికిలించుకోవాలి. పైగా డబ్బుల కోసం వ్యాసాన్ని సభ్యులకే పరిమితం చేశారనుకోండి, ఎర్రర్ మెసేజ్ పట్టుకుని అర్ధరాత్రి వెతుక్కుంటూ వచ్చినవాడు సగంలోనే వెనక్కి పోతాడు. కోడింగ్ ఉచితంగా నేర్పే ఫ్రీకోడ్‌క్యాంప్ కూడా 2019లో మీడియం వదిలి సొంత సైట్‌కి మారిపోయింది. మీడియంలోనూ పెట్టి తీరాలంటే ఇంపోర్ట్ సదుపాయం వాడండి, కెనానికల్ లింక్ అదే పెట్టేస్తుంది.

ఆఫీసు కోడ్ జోలికి మాత్రం వెళ్లకండి, ఉదాహరణ కోసం వేరే చిన్న డేటాబేస్ టేబుల్ తయారు చేసుకోండి. పొరపాటున ఏపీఐ కీ (వేరే సేవల్ని వాడుకోవడానికి ఇచ్చే రహస్య కోడ్) పుష్ అయిపోతే, ఫైల్ డిలీట్ చేసినా అది గిట్ హిస్టరీలో (పాత మార్పుల రికార్డులో) ఉండిపోతుంది. ముందు ఆ కీని రద్దు చేయండి, హిస్టరీ శుభ్రం చేసే పని తర్వాత.