జ్వరం ఉండగానే ఈఎస్‌ఆర్ తగ్గితే జబ్బు నయమవుతున్నట్టేనా?

మీ బాబుకు సిస్టమిక్ జువెనైల్ ఇడియోపథిక్ ఆర్థరైటిస్ (పిల్లల్లో జ్వరంతో, కీళ్లవాపుతో వచ్చే జబ్బు) ఉందనీ, జ్వరం వదలకపోయినా ఈఎస్‌ఆర్ (ఒంట్లో వాపు ఎంత ఉందో సూచించే రక్తపరీక్ష) సగానికి పడిపోయిందనీ, ఇది మంచి సూచనేనా అనీ అడిగారు. కాకపోవచ్చు. మీ రుమటాలజిస్టుకు ఈ రోజే ఫోన్ చేసి, మాక్రోఫేజ్ యాక్టివేషన్ సిండ్రోమ్ (ఈ జబ్బులో రోగనిరోధక కణాలు అదుపు తప్పే ప్రమాదకర స్థితి) గురించి అడగండి.

మా అమ్మాయికీ ఇదే జబ్బు. రోజూ సాయంత్రం ఎక్కి తెల్లవారేసరికి దిగిపోయే జ్వరం ఒకసారి దిగకుండా నిలిచిపోయింది. చిగుళ్ల నుంచి రక్తం కనిపించింది. అది డెంగీ కాలం కావడంతో చూసినవారంతా డెంగీ అనే అన్నారు (బొప్పాయి ఆకు రసం సలహాలకైతే లెక్కే లేదు). ప్లేట్‌లెట్లు రెండు లక్షలకు దగ్గరగా ఉన్నందున ల్యాబ్ రిపోర్టు వాటిని నార్మల్‌గానే చూపింది. అయితే ఈ జబ్బు ముదిరినప్పుడు ప్లేట్‌లెట్లు సాధారణంగా పెరుగుతాయి, మా అమ్మాయికి అంతకుముందు ఐదు లక్షలు దాటి ఉండేవి. కాబట్టి ల్యాబ్ వారి హద్దులతో కాక, పిల్లల పాత రిపోర్టులతోనే పోల్చి చూడాలని డాక్టరు గారు చెప్పారు.

మా అమ్మాయికి వచ్చింది ఆ సిండ్రోమే. ఈ స్థితిలో మాక్రోఫేజ్‌లు, టీ కణాలు అనే రోగనిరోధక కణాలు అదుపు తప్పి, వాపును పెంచే సైటోకైన్లను విపరీతంగా విడుదల చేస్తాయి. మాక్రోఫేజ్‌లు సొంత రక్తకణాలనే మింగుతాయి, కాలేయం దెబ్బతింటుంది, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్ ఖర్చయిపోతుంది. ఈఎస్‌ఆర్ ఎక్కువగా ఆ ఫైబ్రినోజెన్ మీదే ఆధారపడుతుంది కనుక, లోపల వాపు పెరుగుతున్నా అంకె తగ్గుతుంది. వాపును చూపే మరో రక్తపరీక్ష సీఆర్‌పీ మాత్రం ఎక్కువగానే ఉంటుంది.

2016 నాటి అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం, ఈ జబ్బు ఉన్న పిల్లలకు జ్వరంతోపాటు ఫెరిటిన్ (ఇనుమును నిల్వచేసే ప్రొటీన్) 684 దాటి, ప్లేట్‌లెట్లు 1,81,000 లేదా అంతకు తక్కువ, ఏఎస్‌టీ (కాలేయం దెబ్బతింటే పెరిగే ఎంజైమ్) 48 కంటే ఎక్కువ, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని కొవ్వు) 156 కంటే ఎక్కువ, ఫైబ్రినోజెన్ 360 లేదా అంతకు తక్కువ అనే నాలుగింటిలో కనీసం రెండు ఉంటే దీనిని గుర్తిస్తారు. డెంగీలోనూ ఫెరిటిన్ పెరుగుతుంది కాబట్టి అదొక్కటే తేల్చదు. మూలుగ పరీక్షలో కణాలను మింగిన మాక్రోఫేజ్‌లు మొదట్లో కనిపించకపోవచ్చు కూడా.

ఈ జబ్బున్న పిల్లల్లో సుమారు 10 శాతం మందికి ఈ సమస్య స్పష్టంగా బయటపడుతుంది. మా అమ్మాయికి మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌ను సెలైన్‌లో ఎక్కించి, తరువాత రోగనిరోధక శక్తిని అణిచే సైక్లోస్పోరిన్ ఇచ్చారు. కొందరికి సైటోకైన్ ప్రభావాన్ని అడ్డుకునే అనకిన్రా అనే మందు వాడతారు. కోలుకోవడానికి చాలా కాలం పట్టింది, అయినా ఇప్పుడు బడికి వెళ్తోంది.

స్టెరాయిడ్లను మీ అంతట మీరు ఆపకండి. బాబు మగతగా ఉన్నా, మాటలు తడబడినా, ఎక్కడి నుంచైనా రక్తం వచ్చినా, అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా పాత రిపోర్టులన్నీ తీసుకుని పిల్లల ఐసీయూ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి.