డాక్యుమెంటరీలో చూపించినట్టే ఇంగ్లాండులో బౌద్ధ భిక్షువులు బతుకుతారా?

ఇంగ్లాండు బౌద్ధ భిక్షువుల మీద డాక్యుమెంటరీ చూశానని, వాళ్ల జీవితం నిజంగా అంత ప్రశాంతంగా ఉంటుందా అని అడిగారు. లండన్‌కి ఉత్తరాన హెమెల్ హెంప్‌స్టెడ్ దగ్గర అమరావతి అనే విహారం ఉంది. ఉద్యోగానికని ఈ దేశం వచ్చిన కొత్తలో, కృష్ణ ఒడ్డున ఉన్న మన ఊరి పేరు చూసే వెళ్లాను. ఇప్పటికీ వెళ్తుంటాను. కెమెరాకి ధ్యానం, మంచు, గంట మోత బాగా దొరుకుతాయి. నన్ను కట్టిపడేసింది మాత్రం అక్కడి భోజనం.

వీళ్లది థాయ్ అరణ్య సంప్రదాయం. డబ్బు ముట్టుకోరు, వండుకోరు, రేపటికని దాచుకోరు. మిట్టమధ్యాహ్నం దాటితే అన్నం లేదు. ఎదురుగా బల్లమీద ఉన్నా సరే, ఎవరైనా చేతికి అందిస్తేనే తినాలి. నేనోసారి పులిహోరతో పాటు టమాటాలు పట్టుకెళ్లాను. మొలకెత్తే గింజలున్న పండు వాళ్లు అలాగే తినకూడదట. పళ్లెం ముందు పెట్టగానే ఒక భిక్షువు "కప్పియం కరోహి" అన్నారు, అంటే పాళీ భాషలో "దీన్ని తినదగినదిగా చెయ్యి" అని. పక్కనున్న శ్రీలంక ఆవిడ నేర్పినట్టు, ఒక టమాటాకి చాకుతో గాటు పెట్టి "కప్పియం భంతే" (తినదగినదే, స్వామీ) అన్నాను. అప్పుడు తీసుకున్నారు.

చాదస్తం అనిపించొచ్చు. కానీ ఈ నియమాల వల్లే భిక్షువు జనాన్ని వదిలేసి బతకలేడు. 1977లో ఈ సంప్రదాయానికి చెందిన థాయ్ గురువు అజాన్ చా లండన్ వచ్చి, తన అమెరికన్ శిష్యుడు అజాన్ సుమేధోని, మరికొందరు భిక్షువులని అక్కడే ఉంచి వెళ్లారు. రోజూ భిక్షకి వెళ్లమన్నారు. లండన్‌లోని హాంప్‌స్టెడ్ హీత్ అనే పెద్ద పార్కులో పాత్ర పట్టుకుని నడిస్తే పెట్టేవాళ్లే లేరు. అక్కడ జాగింగ్‌కి వచ్చిన ఒకాయన మీరెవరని పలకరించారు. ససెక్స్‌లో తనకున్న 100 ఎకరాల పైచిలుకు అడవిని తర్వాత వాళ్లకి ఇచ్చేశారు! దాని పక్కనే చిట్‌హర్స్ట్ విహారం వచ్చింది. అమరావతి మొదలైంది 1984లో.

ఇక ప్రశాంతత అంటారా, మనుషులున్న చోట ఉండే ఇబ్బందులన్నీ అక్కడా ఉన్నాయి. చలి, పని, ఒకరితో ఒకరు సర్దుకుపోవడం. కొన్నేళ్లకి చీవరం (భిక్షువు కట్టుకునే వస్త్రం) వదిలేసి మామూలు జీవితానికి వెళ్లిపోయేవాళ్లూ ఉంటారు. అక్కడి సన్యాసినులకి భిక్షువులతో సమానమైన దీక్ష లేకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఎవరు డాక్యుమెంటరీ తీసినా వాళ్లని కూడా కూర్చోబెట్టి మాట్లాడించాలి.

మీరు ఇటు వస్తే తప్పకుండా వెళ్లండి. జనవరి నుంచి మార్చి దాకా సంఘమంతా మౌనధ్యానంలో ఉంటుంది కాబట్టి మిగతా నెలల్లో అయితే మేలు. ఏదైనా వండుకుని, పదకొండు లోపే చేరుకోండి.